సత్తెక్క ఆరేసిన మగచొక్కాలు

ఏళ్ళ తరబడి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, కక్కుదామంటే రాదు. మీకే ఎందుకు చెబుతున్నాను? మీరెవరో నాకు తెలియదు కాబట్టి. తెలిసినవాళ్ళను నేను నమ్మను. నన్ను నేనే నమ్మనప్పుడు ఇంకెవరిని నమ్మేది?

బూన్ లే అనే పేటలో మాది ప్రభుత్వం అద్దెకిచ్చిన ఫ్లాట్. ఇంట్లోవాళ్ళందరి సంపాదన కలిపి చూసి అద్దె నిర్ణయిస్తారు. హద్దు దాటితే సాయం తగ్గిపోతుంది. మా అబ్బాయికి ఉద్యోగం రాగానే మా అద్దె పెరిగింది. వాడు నాకు కాఫీకి కూడా ఇవ్వడని ఏ ఆఫీసరుకు చెప్పుకోను?

పక్కింటి సత్తెక్క భర్త పోయి ఒంటరిగా ఉంటుంది. ఆమెకు అద్దెకూ తిండికీ సాయం అందేది. అయితే ఆమె కిటికీ బయట వెదురు గడ మీద రోజూ మగచొక్కాలు ఆరేవి. అంతే, నా బుర్రలో పురుగు తొలిచింది. ఎవరివవి? సరిహద్దు అవతల జోహోర్‌లో ఉన్నాడని చెప్పే కొడుకువా? దొంగచాటుగా ఇక్కడే ఉండి సంపాదిస్తున్నాడా? నా కొడుకు జీతం లెక్కకు రావాలి గానీ, ఈవిడ కొడుకుది రాకూడదా? గోడకు చెవి ఆనించి విన్నాను. ఏమీ వినపడలేదు. చూశారా, ఎంత జాగ్రత్తగా దాచిందో అనుకున్నాను! పేరు చెప్పకుండా, సాయం ఇచ్చే ఆఫీసుకు ఫోన్ చేశాను.

విచారణ అయ్యేదాకా ఆమెకు సాయం ఆపేశారు. అద్దె బాకీ పడింది. ఇల్లు పోతుందని హడలిపోయి, ఆ నొప్పుల మోకాళ్ళతోనే సత్తెక్క తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఎంగిలి ప్లేట్లు తీసే పనికి వెళ్ళింది.

ఒకరోజు లిఫ్టు దగ్గర నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"నా ఇంట్లో మగోడున్నాడని ఎవరో చెప్పారంటమ్మా. అయ్యి మా ఆయన చొక్కాలే. ఒంటరి ఆడదని తెలిసి ఎవడూ తలుపు తట్టకుండా, ఉతికి ఆరేస్తన్నా. మా అమ్మ కూడా అట్టాగే చేసేది."

అప్పుడైనా నేను నిజం చెప్పొచ్చు కదా?

"ఎదురింటి సెల్వి అయ్యుంటాదా?" అంది.

"నాకూ దాని మీదే అనుమానం అక్కా," అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! పాపం, సెల్వి వండుకున్నప్పుడల్లా ఆమెకో గిన్నెడు కూర ఇచ్చేది. ఆ రోజు నుంచి సత్తెక్క ఆమెకు తలుపు తీయలేదు. సెల్వి కొన్నాళ్ళు తట్టి మానేసింది. విచారణలో ఏమీ తేలక సాయం మళ్ళీ మొదలైంది. వాళ్ళిద్దరికీ మాత్రం ఈ రోజుకీ మాటల్లేవు.

ఒక్కోసారి సత్తెక్క నన్ను ఎగాదిగా చూస్తుంది. తెలిసిపోయిందా? తెలిసే ఊరుకుందా? లేక నా దొంగబుద్ధికి అలా తోస్తోందా? మొన్న జ్వరం వచ్చినప్పుడు ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టి, "నిన్ను తప్ప ఎవుర్నీ నమ్మను," అంది. తీసుకున్నాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరెవరు? ఫోన్ చేసింది సెల్వి కాదు, నేను. ఆ ముక్క ఒక్కసారి పైకి అనాలనిపించింది. అన్నాను.