ఊయల గడియారం

మా ఆయనకు పాతకాలం అమెరికా వింత గడియారాలంటే పిచ్చి. ఇంగ్లండ్‌లో, వాట్‌ఫర్డ్‌లోని మా ఫ్లాట్ హాలు గోడ నిండా అవే. తోకాడించే పిల్లి, కళ్లు తిప్పే గుడ్లగూబ. ఆదివారం తెల్లారితే చాలు, కార్ల డిక్కీల్లో పాత సామాన్లు పెట్టి అమ్మే కార్ బూట్ సేల్ అంటూ పరుగు.

"ఒక్కటీ సరైన టైం చూపించి చావదు, ఎందుకండీ ఈ సంత?" అనేదాన్ని.

"టైముకి ఫోనుందిగా. ఇవి చూసి నవ్వుకోడానికి," అనేవారు.

ఆఖరున తెచ్చింది ఊయల గడియారం. ముందువైపు చిన్న ఊయల, అందులో కూర్చున్న ఒక పాప బొమ్మ. కరెంటు పెడితే పాప ఊగాలి. ఊగలేదు. కీమోకీ కీమోకీ మధ్య ఓపిక తెచ్చుకుని కిచెన్ టేబుల్ మీద దాన్ని విప్పి, తుడిచి, నూనె వేసి బిగించారు. ప్లగ్గు పెట్టేలోపే జ్వరం ముంచుకొచ్చింది. అంబులెన్స్ ఎక్కుతూ కూడా అదే గొడవ.

"నేనొచ్చేదాకా దాన్ని పెట్టకు. అమ్మాయితో కలిసి ముగ్గురం చూద్దాం."

"ముందు మీరు రండి మహానుభావా!" అన్నాను.

ఆయన రాలేదు.

తర్వాత దాని మీద దుమ్ము తుడవడమే తప్ప ప్లగ్గు పెట్టే ధైర్యం నాకు రాలేదు. అది ఊగితే ఆయన పని పూర్తయిపోయినట్టే, ఇక ఎదురుచూడటానికి ఏమీ ఉండదు. పిచ్చే, కాదనను. చివరికి మనసు రాయి చేసుకుని, ఆయన పుట్టినరోజున పెడదామని మా అమ్మాయితో అన్నాను.

ఆ రోజు నేను వంటింట్లో పులిహోర కలుపుతుంటే, నన్ను ఆశ్చర్యపరుద్దామని అమ్మాయే ముందుగా ప్లగ్గు పెట్టేసింది. అమెరికా గడియారాలకు ఇక్కడి కరెంటు ఎక్కువ, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. పిల్లకేం తెలుసు? ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీ, గ్రైండరు అన్నీ అడాప్టర్ తగిలిస్తే తిరిగే ఇల్లు మాది. దీనికీ అదే తగిలించింది.

కాలిన వాసనకు పరుగెత్తుకొచ్చేసరికి గడియారం వెనక పొగ. ప్లగ్గు పీకేసి, "ఎంత పని చేశావే! నాన్న చేత్తో బాగుచేసిన ఆఖరి గడియారమే!" అని గొల్లుమన్నాను.

పిల్ల బిక్కచచ్చిపోయి గోడకు ఆనుకుంది.

"ఇట్ వర్క్‌డ్, మమ్. షి వాజ్ స్వింగింగ్."

నా ఏడుపు ఆగిపోయింది. "ఊగిందా? నువ్వు చూశావా?"

తలూపింది.

"ఎలా ఊగిందో చూపించవే."

నేల మీద కూర్చుని, కళ్లయినా తుడుచుకోకుండా, రెండు వేళ్లు కిందికి వేలాడేసి ముందుకూ వెనక్కూ ఊపింది. నేనూ దాని పక్కన చతికిలబడ్డాను.

"ఇంకోసారి చూపించు," అన్నాను.