పిడికిట్లో వెండి రూపాయి

పుష్యమాసపు చలిలో లక్ష్మీపూర్ వెళ్ళి నేలలో పాత నాణేలు వెతకడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదని నేను ముందే చెప్పాను. నాకు అరవై దాటాయి, మోకాళ్ళు మాట వినవు. మా అక్కకి డెబ్బై దాటాయి. రాయగడలో ఎవరింటి వరండాలో వాళ్ళం ఎండ వచ్చేదాకా ఆగి టీ తాగాల్సిన వయసు ఇద్దరిదీ. కానీ అక్క ఒకటి అనుకుందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా మార్చలేడు, ఇక నేనెంత. సణుక్కుంటూనే ఆన్‌లైన్‌లో మెటల్ డిటెక్టర్ తెప్పించాను.

అక్క మొదటి కానుపుకి లక్ష్మీపూర్‌లో ఉన్న పుట్టింటికి వచ్చింది. మా తాతగారు సంస్థానం కచేరీలో చేశారు, నాన్న ఆ తరవాత రెవెన్యూలో చేశాడు. మా వీధి వీధంతా అలా ఎప్పుడో కింద మైదానం నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు ఉద్యోగుల ఇళ్ళే. ఆడపిల్ల పుట్టింది. పురుడు తీరకుండానే జ్వరం తగిలి పోయింది. నేనప్పుడు విజయనగరంలో మేనమామ ఇంట్లో చదువుకుంటున్నాను, ఆ పిల్లని చూడనే లేదు. బారసాల కాలేదు గనక పేరు కూడా లేదు. అక్క ఇప్పటికీ ‘అమ్మి’ అనే అంటుంది. మా వైపు ఏ ఆడపిల్లనైనా పిలిచే మాట అది.

పురిటిబిడ్డల్ని కాల్చరు, పాతిపెడతారు. మా వాళ్ళలో ఇంకో ఆచారం కూడా ఉండేది. బిడ్డని వట్టి చేతులతో పంపకూడదని పిడికిట్లో ఒక వెండి రూపాయి పెట్టి, ఆ పిడికిలిని గుడ్డపీలికతో కట్టేవారు. ఇంగ్లీషు రాజు బొమ్మ ఉన్న పాత రూపాయలు చలామణీ పోయాక కూడా ప్రతి ఇంట్లోనూ ఒకటో రెండో దాచేది అందుకే. పాతిపెట్టిన చోటు మాత్రం తల్లికి చెప్పకూడదు. తెలిస్తే మనసు అక్కడే తిరుగుతుంది, మళ్ళీ కడుపు నిలవదు అని పెద్దల మాట. నాన్న చెప్పలేదు. అక్కకి మళ్ళీ కడుపు నిలవనూ లేదు. ఇక నిలవదని తేలిపోయాక అయినా చెప్పొచ్చు గదా! అక్క అడిగితే కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయేవాడు. నాన్న పోయాడు, బావ పోయాడు, ఆ రోజు వెంట వెళ్ళిన మగవాళ్ళందరూ పోయారు. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు ఉంది.

ఈ శీతాకాలం మొదట్లో అక్కకి ఎవరో చెప్పారు, వీధి వెనక ఉన్న మెరక మీదుగా కొత్త రోడ్డు వేస్తున్నారని. ఆ పూటే నాకు ఫోన్ చేసింది.

“తవ్వేస్తారటరా. ఈలోగా అమ్మి ఎక్కడున్నాదో నాకు సూపించు. ఒక్కపాలి దాని పక్కన కూకుంటాను. ఇంకేటీ వద్దు.”

ఆ ఎర్రమట్టిలో పసిదాని ఎముకలు ఇన్నేళ్ళు ఉండవని చెప్పాను. మెత్తగా చెప్పాల్సింది, మెత్తగా చెప్పలేదు.

“రూపాయి ఉంటాది గదా” అంది.

ఆ రాత్రే మెషిన్‌కి ఆర్డరు పెట్టాను.

మేం వెళ్ళేసరికి మా వీధిలో మేం గుర్తుపట్టగలిగింది ఏమీ మిగల్లేదు. మా ఇల్లున్న చోట సిమెంటు, ఇనుప చువ్వలు అమ్ముతున్నారు. వెనక మెరక మాత్రం అలాగే ఉంది. వలిసె పంట కోసేసిన మోళ్ళు, అక్కడక్కడా నీలగిరి చెట్లు, మోళ్ళ మీద తెల్లగా మంచు. దాని మధ్య నుంచి కాంట్రాక్టరు మనుషులు సున్నంతో రెండు గీతలు గీసిపెట్టారు. అక్క శాలువా మీద శాలువా కప్పుకుని, నా మంకీక్యాప్ లాక్కుని పెట్టుకుని, ఏ చెట్టు నుంచి ఏ చెట్టు దాకా వెతకాలో చెప్పింది. ఆ రోజు నాన్న పలుగు పట్టుకుని ఇటే రావడం పురిటిగది కిటికీలోంచి చూసిందట. ఆయన తిరిగొచ్చేసరికి పొయ్యి మీద స్నానానికి పెట్టిన నీళ్ళు కాగనే లేదట. అంటే దూరం పోలేదు. ఇన్నేళ్ళూ ఆ నీళ్ళ లెక్కే వేసుకుంటూ ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మా జిల్లాల నేల సంగతి తెలిసినవాడెవడూ ఇక్కడ ఆ మెషిన్ కొనడు. మట్టి నిండా ఇనుమే. దాని చివర పళ్ళెం లాంటి తీగచుట్టని నేలకి ఆనిస్తే చాలు, గుర్రుమంటుంది. ఇనుముకి బొంగురుగా, వెండికి సన్నగా మోగుతుందని వాళ్ళిచ్చిన కాగితంలో రాసుంది. మాకు దినాల తరబడి బొంగురే. ఉదయం పొగమంచు విడకముందే కారు దిగేవాళ్ళం, వేళ్ళు కొంకర్లు పోయేవి, తవ్వితే మేకు, సీసా మూత, రేకు ముక్క, చెప్పు బకిల్. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటారు గానీ మాకు ఎలుకైనా దొరకలేదు.

ఒక ఉదయం మేకలు తోలుకుంటూ ఒకాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఈ వైపు ఎవరైనా మెషిన్ పట్టుకుని నేల మీద తిరిగితే జనం భయపడతారు, కంపెనీ వాళ్ళు బాక్సైట్ కోసం కొలతలు తీస్తున్నారని. ఆయనా అదే అడిగాడు, కోపంగానే. నేను ఆఫీసు ఒడియాలో ఏదో సర్దిచెప్పబోయాను. అక్క నన్ను పక్కకి నెట్టి, ఆయన మాట్లాడే కొండ భాష దేశియాలోనే చెప్పింది, ఇందులో మోర్ పిలా ఉంది, నా పిల్ల ఉంది అని. ఆయన మేకల్ని మళ్ళించి, మెరక దిగి చుట్టూ తిరిగి పోయాడు.

ఆ మరుసటి ఉదయమే సన్నగా మోగింది. మొదటిసారి నమ్మలేదు. మళ్ళీ ఆనించాను, మళ్ళీ మోగింది. మూరెడు లోతున మట్టిగడ్డలో నల్లగా తగిలింది. పంచె అంచుతో రుద్దితే రాజు తల. అక్క చేతిలో పెట్టాను. ఆమె ఏడవలేదు. మంచుకి తడిసిన మట్టిలోనే చతికిలబడి, గుంట మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుంది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఆమెను కాసేపు ఒంటరిగా వదిలేద్దామని పక్కకి తప్పుకున్నాను, మెషిన్ ఆపకుండా చేతిలోనే పట్టుకుని.

అది మళ్ళీ సన్నగా మోగింది.

తవ్వాను. అంతే లోతున, అలాంటిదే. అవతల ఇంకోటి. నీలగిరి చెట్టు వైపు ఇంకోటి. తరవాత తవ్వడం మానేశాను, ఊరికే మెషిన్‌ని నేల మీద తిప్పుతూ నడిచాను. సున్నం గీతల మధ్యా బయటా అది మోగుతూనే ఉంది. ఆపేసి వెనక్కి తిరిగేసరికి అక్క కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. ఆమెకి నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

“ఇంతమందిమా?” అంది. గుంట మీంచి చెయ్యి తియ్యకుండానే మళ్ళీ అంది. “ఒక్క నూతికాడే నీళ్ళు తోడుకునేవోళ్ళం. ఒక్కత్తీ సెప్పలేదు. నేనూ ఎవరికీ సెప్పలేదు.”

అప్పుడు నేను ఒక వెధవ మాటన్నాను. ఏదో ఒకటి మనదే అనుకో అక్కా, ఎవరికి తెలుస్తుంది, దాని దగ్గరే కూర్చో అన్నాను. అక్క చేతిలోని రూపాయిని అటూ ఇటూ తిప్పి చూసింది. అన్నీ ఒకే అచ్చు.

“నాది కాకపోతే? ఎవులో కన్న పిల్లని ఒళ్ళో ఎట్టుకుని నా పిల్లని సలిలో ఒగ్గేసినట్టు గదరా. పెట్టెయ్. ఎక్కడిది అక్కడ పెట్టెయ్.”

పెట్టేశాను. ఏది ఏ గుంటలోదో తప్పు పోకుండా చూశాను, అంతవరకే నా చేతనైంది. అధికారులకి చెబుదామా అని కూడా అనుకున్నాను. చెబితే రోడ్డు ఆగదు, పాత నాణేలు బయటపడ్డాయని ఇంకా ముందే తవ్వుతారు. చెప్పకపోతే జెసిబి తవ్వుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇద్దరం నోరు మూసుకుని కారెక్కాం.

ఇప్పుడు ఆ మెరక మీద రోడ్డు అయిపోయింది, బస్సులన్నీ దాని మీదే పోతాయి. కళ్ళ డాక్టరు కోసం అక్కని బస్సులో కోరాపుట్ తీసుకెళ్తుంటాను. లక్ష్మీపూర్ దగ్గరపడగానే అక్క చెప్పులు విడిచి, ఒక్కో కాలూ రెండు చేతులతో ఎత్తి సీటు మీద పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటుంది. నొప్పికి పళ్ళ బిగువున ఓర్చుకుంటుంది. బస్సు ఊరు దాటి చాలా దూరం పోయినా కాళ్ళు దించదు. ఇక దించొచ్చా అని నన్ను అడుగుతుంది. ఎక్కడి దాకా ఉన్నారో నాకు తెలీదు.