మా పచ్చ పొర పసిగట్టిన గాలి

రెండువేల దశకం మధ్యలో నేను బాపట్లలో పరిశోధన చేస్తుండేదాన్ని. ఇల్లు తెనాలి. నా తోటి పరిశోధక విద్యార్థిని రేపల్లె బండిలో వచ్చి తెనాలిలో నన్ను కలిసేది. అక్కణ్ణించి బాపట్ల దాకా ఇద్దరి మాటలూ ఒక పచ్చని పొర గురించే.

హానికరమైన వాయువుల్ని పసిగట్టే పరికరాలు అప్పట్లో చాలావరకు బాగా వేడెక్కితేగాని పనిచేసేవి కావు. మామూలు గది వేడిమిలోనే అమ్మోనియాని పట్టుకోవాలని మా ప్రయత్నం. వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని పచ్చటి పాలిమర్ పోగుల పొరని గాజుపలక మీద పరిచి, రెండు తీగలతో నిరోధం చూపే మీటరుకి కలిపాం. అమ్మోనియా తగిలితే పొరలో కరెంటు నడక కష్టమై మీటరులో అంకె పెరగాలి. పెరిగింది కూడా. చిక్కల్లా, అమ్మోనియా సీసా మూత తియ్యకపోయినా మధ్యాహ్నాలు పెరుగుతూనే ఉండేది.

"తీగ వదులైందేమో అక్కా" అంది ఆమె.

బిగించాం. ఫ్యాను ఆపాం. సీసాని వరండాలో పెట్టొచ్చాం. అయినా అంతే. గాల్లో తేమ వల్లనేమోనని తడిగుడ్డ దగ్గరగా పట్టి చూశాను. అంకె పెరగలేదు సరికదా, తగ్గింది. మరేంటి?

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. గోడ అవతలంతా వరిచేలు.

"అక్కా, మొన్న అక్కడ యూరియా చల్లారు కదా!"

చేలో నీళ్ళలో కరిగిన యూరియా నుంచి ఎండకి అమ్మోనియా లేస్తుందని ఇద్దరం చదువుకున్నదే. మీటరూ పొరా పట్టుకుని గోడ చుట్టూ తిరిగి గట్టెక్కాం. అక్కడున్న రైతు మమ్మల్ని వింతగా చూశాడు.

"ఏంటమ్మా అది, కరెంటు చూస్తున్నారా?"

"కాదు బాబాయ్‌గారూ, గాలి చూస్తున్నామండి."

పొరని నీటికి దగ్గరగా పట్టుకున్నాను. అంకె కాసేపు తటపటాయించి, ఎక్కడం మొదలుపెట్టింది. నా ముక్కుకి మాత్రం బురదవాసనే. సంగతి చెప్పాం. ఆయన ముఖం మారింది.

"అయితే నేను చల్లింది గాల్లో కలిసిపోతందా?"

"కొంత పోతుందండి."

"ఎంత?"

మా మీటరు అమ్మోనియా ఉందని చెప్పగలదు గాని, ఎంత ఉందో చెప్పలేదు. అదే మాట ఆయనతో అన్నాను.

"తెలిస్తే చెప్పండమ్మా" అన్నాడు.

మా గైడు సార్ అంతా విని నవ్వారు. "ముందా కిటికీ మూసి, అన్నీ మళ్ళీ మొదలుపెట్టండి" అన్నారు. మూశాక మధ్యాహ్నం అంకె కదల్లేదు. హమ్మయ్య అనిపించింది, ఏదో పోగొట్టుకున్నట్టూ అనిపించింది. ఆ తరవాత ఎన్నో నెలలు మూసిన పెట్టెలో కొలిచిన వాయువుని కొద్దికొద్దిగా వదులుతూ, ఏ అంకెకి ఎంత అమ్మోనియానో తెలుసుకున్నాం.

ఉత్సాహంగా చేలోకి వెళ్ళేసరికి కోతలైపోయి, మినుము మొలిచి ఉంది.

"దీనికి యూరియాతో పన్లేదమ్మా" అన్నాడాయన నవ్వుతూ. "సార్వాకి మళ్ళీ వరేస్తాం, అప్పుడు రండి, చూద్దాం."

తప్పకుండా వస్తామని ఇద్దరం ఒకేసారి అన్నాం.