రెండు డిస్కులకూ కుంకుమ బొట్టు

తిరుపతిలో నేను కంప్యూటర్లు బాగుచేస్తూ తిరిగే రోజుల్లో, ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లన్నీ యజమాని భార్యే కంప్యూటర్లో కూర్చేది. ఆ పని ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. ఆయుధపూజ రోజు, పాత హార్డ్ డిస్కును ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దించమని నన్ను పిలిచారు. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నాయి. విప్పి బల్ల మీద పెట్టి, పాతదానికి గుర్తుగా పూజ పళ్లెంలోని కుంకుమతో బొట్టు పెట్టాను. నేను టీ తాగి వచ్చేలోగా ఆమె పూజ చేస్తూ కొత్తదానికీ పెట్టింది.

పాతది ఇదేలే అనుకుని ఒకదాన్ని ముందు తగిలించి, దాన్ని రెండోదానిలోకి దించే సాఫ్ట్‌వేర్ నడిపాను. ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడింది. పెళ్లిళ్లన్నీ పోయాయి.

"రెండిటికీ బొట్టు పెడితే ఆయప్పకు ఏది ఏదో ఎట్ల తెలుస్తాదే?" అన్నాడు భర్త.

"పూజలో ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకుండా ఉంటారా యాడన్నా?" అంది ఆమె, నా వైపు చూస్తూ.

నేను తల వంచుకుని వైర్లు చుట్టుకున్నాను.

తప్పు బొట్టుది కాదు. మొదలుపెట్టే ముందు ఏ డిస్కు నిండుగా ఉందో, ఏది చెరిగిపోతుందో తెర మీద స్పష్టంగా వచ్చింది. నేను చదవకుండానే సరే అని నొక్కాను. ఆ మాట అక్కడ చెప్పలేదు.

ఆ తర్వాత ఆమెను కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. ఆ కుర్చీలో జీతానికి ఒకరిని పెట్టుకున్నారు. రిపేర్లకు మాత్రం నన్నే పిలిచేవాళ్లు. ఆమె కౌంటర్ దగ్గర ఫోటోలు కవర్లలో పెడుతూ, "టీ తాగుతావా అన్నా?" అని అడిగేది.

తాగేవాణ్ణి.