అవనిగడ్డలో మాట్లాడే కేటలాగు

గుడివాడ లైబ్రరీలో ప్రతి ఆదివారం పొద్దున్న నరసింహం బావకి కేటలాగు కార్డులు చదివి వినిపించడం నా పని. మాకు చుట్టరికం లేదు, ఒకే వీధివాళ్లం. చూపు పోయాక అతను పుస్తకం ఎంచుకోవాలంటే నా గొంతే ఆధారం. అలాంటిది, వరసగా రెండు ఆదివారాలు రాలేదు. అడిగితే అవనిగడ్డ వెళ్లానన్నాడు. అక్కడి లైబ్రరీలో కేటలాగుని క్యాసెట్ల మీదికి ఎక్కించారట. "ఎవర్నీ అడగక్కర్లేదు బావా, మీట నొక్కితే చాలు" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇక ఆదివారాలు నాతో పనేముంటుంది? ఈసారి నేనూ వస్తానన్నాను. చూడ్డానికని చెప్పాను గానీ, అందులో ఏదో ఒక లోటు పట్టుకోవాలనే బయల్దేరాను.

గుడివాడలో ఆరున్నర బస్సు ఎక్కితే ఎనిమిదికల్లా బందరులో దిగొచ్చు. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్లే అవనిగడ్డ బస్సు పట్టుకున్నాం. టిఫినుతో సహా ఇద్దరికీ రానుపోను నూట యాభై లోపే అయింది. కండక్టరు బావని చూడగానే ముందు సీటు ఖాళీ చేయించాడు.

"ఇవాళ తోడు తెచ్చుకున్నారేంటి సార్?"

"ఆయనే వచ్చాడయ్యా, నా మీద నమ్మకం లేక" అన్నాడు బావ. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను టిక్కెట్లు జేబులో పెట్టుకుని, పులిగడ్డ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

అవనిగడ్డ లైబ్రరీలో లైబ్రేరియన్ కరుణగారు కుర్చీ వేసి, "మీ గురించి చెబుతూనే ఉంటారండీ" అన్నారు. ఏం చెబుతాడో అడగలేదు. బావ బల్ల మీది క్యాసెట్లు తడిమి, రెండు రబ్బరు బ్యాండ్లు చుట్టింది తీశాడు. ఎన్ని బ్యాండ్లుంటే అన్నో బీరువా అట. మీట నొక్కాడు. కరుణగారి గొంతు: "డిటెక్టివ్ నవల. అక్షరం సన్నం. కింది అర, చక్రాల కుర్చీలోంచి అందుతుంది. చదివి వినిపించేవారు ఇంకా దొరకలేదు." ప్రతి పుస్తకానికీ ఇలాగే. చదివేవారు ఉంటే వాళ్ల గొంతుతోనే పేరు, ఊరు, వీలు చెప్పించారు. లోటేమీ దొరకలేదు.

"నాకిదే కావాలండీ. గుడివాడలో డిటెక్టివ్ నవలలు లేవు" అన్నాడు బావ.

"ఉన్నాయి" అన్నాను.

"మరి వాటి కార్డులు ఎప్పుడూ చదవలేదేం?"

"నీకు నచ్చవనుకున్నాను."

"నాకు కాదు బావా, నీకు నచ్చవు."

నవ్వుతూనే అన్నాడు. కరుణగారు మా ఇద్దరి వంకా చూసి, రికార్డరు నా ముందుకి జరిపారు. "దీనికి చదివే మనిషి కావాలండీ. మీ పేరు చెప్పండి." గొంతు సవరించుకుని పేరు చెప్పాను. "గుడివాడ. ఆదివారాలు. ఏ పుస్తకమైనా సరే." చివరి మాట బావ వినాలని కాస్త గట్టిగానే అన్నాను.

తిరుగు బస్సు మోపిదేవి దాటాక అతను నా వైపు తిరిగాడు. పుస్తకం ఒళ్లో ఉంది.

"ఆ క్యాసెట్టు విని ఎవరు పిలిచినా వెళ్తావా?"

"పేరు ఇచ్చాక వెళ్లాలి కదా."

"ఆదివారం పొద్దున్న మాత్రం ఖాళీ లేదని చెప్పు."

అలాగేనన్నాను. ఇంటి దగ్గర బయల్దేరాక నా మనసు మొదటిసారి కుదుటపడింది అప్పుడే.

ఆ క్యాసెట్టు మీద నాకిప్పటికీ అసూయే. నచ్చిందీ నచ్చనిదీ ఒకే గొంతుతో చెబుతుంది, ఏదీ దాటెయ్యదు. ఇన్నేళ్లు నేను చదివింది కేటలాగు కాదు, నా ఇష్టాల జాబితా. ఇప్పుడు మా వీధి అరుగు మీద నేను చదివి వినిపిస్తున్న ఆ నవల సగంలో ఉంది. హంతకుడు ఎవరో బావ ముందే చెప్పేస్తున్నాడు, నాకు ఒళ్లు మండుతోంది.

మీరూ ఎవరికైనా తోడుగా అవనిగడ్డ వెళ్తుంటే ఒకటే సూచన. లైబ్రరీకి సెలవు శుక్రవారం, ఆదివారం తెరిచే ఉంటుంది. వాళ్లు క్యాసెట్టు వింటున్నంతసేపూ పక్కన నిలబడకండి. వరండాలో బెంచీ ఉంది.