ఎస్తేరమ్మ గారి దారం కొలత

పక్కింట్లో ఎవరికో నువ్వుల నూనె కాచి కర్పూరం కలుపుతున్నారు. ఆ వాసన కిటికీలోంచి వచ్చిందంటే చాలు, చేస్తున్న పని ఆపేస్తాను. పక్షవాతం వచ్చిన చేతికి ఆ నూనె రాసి మర్దన చేస్తారు. ఊళ్లో అందరికీ అది మందు వాసన. నాకు మాత్రం ఎస్తేరమ్మ గారి గొంతు వినిపిస్తుంది. "కొలవకముందు నూనె ముట్టావంటే చేతులు విరగ్గొడతాను, మార్తా!" అనేవారు. విరగ్గొట్టే మనిషి కాదు గాని, విరగ్గొట్టగలరేమో అనిపించే మనిషి.

గోదావరి ఒడ్డున మా చిన్న మిషను ఆసుపత్రి అంటే ఎనిమిది మంచాలు, ఒక మందుల గది. ఎస్తేరమ్మ గారు అక్కడ పెద్ద నర్సు, నేను ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న చిన్న నర్సును. అంతకుముందు నరసాపురంలో ఆడపిల్లలకు లేసు అల్లడం నేర్పేవారట. భర్త పోయాక ఆసుపత్రి పనిలోకి వచ్చారు గాని, లేసు దారపు ఉండను మాత్రం కొంగున కట్టుకునే తిరిగేవారు. జ్వరానికి థర్మామీటరు ఉంది. పక్షవాతంతో ముడుచుకుపోయిన చెయ్యి ఎంత బిగిసిందో చెప్పే పరికరం మాకేదీ లేదు. ఆమె ఆ దారంతోనే కొలిచేవారు. రోగిని పడుకోబెట్టి, మోచేయి పట్టుకుని, ఒకసారి నెమ్మదిగా సాగదీసేవారు, ఇంకోసారి ఒక్క ఊపున. నెమ్మదిగా లాగితే చెయ్యి చాలా దూరం వచ్చేది. ఊపుగా లాగితే సగంలోనే గడియ పడ్డ తలుపులా ఆగిపోయేది. ఆ ఆగిన చోట భుజం నుంచి మణికట్టు దాకా దారం పట్టి ముడి వేసేవారు. ప్రతి సోమవారం ఒకే వేళ, గంజి తాగకముందు, నూనె రాయకముందు. ముడి దూరం జరిగితే బిగువు తగ్గుతున్నట్టు. "నెమ్మదిగా లాగితే బాగానే వస్తోంది కదండీ, అది కొలిస్తే ఏం?" అని ఒకసారి అడిగాను. "పెళ్లిచూపుల్లో పిల్ల గుణం తెలుస్తుందా? ఊపు తగిలితేనే అసలు బిగువు బయటపడుతుంది" అన్నారు.

పోలయ్య రేవులో పడవ నడిపేవాడు. నలభై ఏళ్లుంటాయి. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయి మా దగ్గరకు వచ్చాడు. కొన్నాళ్లకు కాలు ఆడి నడవగలిగాడు గాని, చెయ్యి గుండెకేసి ముడుచుకుపోయింది. రేవులో జనాన్ని పడవలో దాటించే వంతు వాళ్ల నాన్న నుంచి అతనికి వచ్చింది. కార్తీక పౌర్ణమి నాడు పెద్దల ముందు గెడ వేసి, అంటే పొడవాటి వెదురును నీటి అడుగుకు పొడిచి పడవ నెట్టి, చూపించాలి, లేకపోతే ఆ వంతు తమ్ముడు సింహాద్రికి పోతుంది. అందుకే ప్రతి సోమవారం దారంకేసి ఆశగా చూసేవాడు. "ఈయేళ ముడి జరిగిందా అండీ?" అనేవాడు. "పోయిన వారం చోటే ఉంది పోలయ్యా" అని ఎస్తేరమ్మ గారు ఉన్నదున్నట్టు చెప్పేవారు. అతని భార్య సత్తెమ్మ నన్ను పక్కకు పిలిచి, "పెద్దమ్మగారికి బొత్తిగా జాలి లేదండీ" అనేది. నాకూ అలాగే అనిపించేది.

పౌర్ణమికి ముందు వారం ఎస్తేరమ్మ గారు పెనుగొండ దగ్గర ఒక ఊళ్లో కష్టపు కాన్పు చూడటానికి వెళ్లారు. కొలత నా మీద పడింది. నేను వెళ్లేసరికే సత్తెమ్మ వేడి నూనె రాసి మర్దన చేసేసింది. అయినా దారం తీశాను. ఊపుగా లాగితే నొప్పి పుడుతుందని నాకు నేనే సర్దిచెప్పుకుని నెమ్మదిగా సాగదీశాను. ముడి నాలుగు వేళ్ల దూరం జరిగింది. పోలయ్య పొంగిపోయాడు. ఆ ముడుచుకున్న వేళ్ల మధ్య నా మణికట్టు ఇరికించుకుంటే ఎముకలు కలుక్కుమన్నాయి. "పట్టు సూశారా అండీ!" అన్నాడు. "చూశాను. బలం వచ్చేసింది, గెడ వేయొచ్చు" అన్నాను. బిగువును నేను బలమనుకున్నాను, అనుకోవాలని ఉండింది కూడా. ఆ సాయంత్రమే అతను ఇంటికి వెళ్లిపోయాడు.

పౌర్ణమి పొద్దున నేనూ రేవుకు వెళ్లాను. సత్తెమ్మ భర్త ఎడమ చేతి వేళ్లను విప్పి గెడ చుట్టూ పెట్టింది, అవి గట్టిగా బిగుసుకున్నాయి. మొదటి పోటుకే పడవ కదిలింది. ఒడ్డున ఉన్నవాళ్లు ఓహో అన్నారు. అయితే గెడ వేసేవాడు నొక్కిన ప్రతిసారీ పట్టు వదిలి చెయ్యి పైకి మార్చుకోవాలి. గెడ బురదలో దిగి నిలిచిపోయింది, పడవ ముందుకు సాగింది, పోలయ్య ఎడమ చెయ్యి గెడను వదల్లేదు. "వదులన్నా, వదిలెయ్!" అని పడవలోంచి సింహాద్రి అరిచాడు. వదలడం అతనికి సాధ్యం కాలేదు. నీళ్లమీదికి ఒరిగిపోతున్న అన్నను తమ్ముడు నడుం పట్టి ఆపి, వేళ్లు ఒక్కొక్కటీ విప్పాడు. పెద్దలు ఎక్కువసేపు మాట్లాడుకోలేదు. మధ్యాహ్నానికల్లా వంతు సింహాద్రిదైపోయింది.

మర్నాడు ఎస్తేరమ్మ గారు తిరిగొచ్చి దారం చూశారు.

"నూనె రాశాక కొలిచావా?"

"అవునండి."

"నెమ్మదిగా లాగావా?"

"అవునండి."

తిట్టలేదు. "పద, ఆ మాట అతనికి నువ్వే చెప్పాలి" అన్నారు.

పోలయ్య ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ పట్టు బలం కాదని, జబ్బు తెచ్చిన బిగింపని, ముడి దానంతటది జరగలేదని, నేనే జరిపానని తల వంచుకుని చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. సత్తెమ్మ ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. పోలయ్య కుడి చేత్తో ఎడమ పిడికిలి విప్పబోయాడు.

"ఆ మాట ముందే సెప్పుంటే, అందరి ముందూ ఈ కుడి సేత్తో నేనే ఆడికి గెడ అందించుందునండీ. తమ్ముడికి నేనిచ్చినట్టుండేది. ఇప్పుడు నా కాడ్నించి లాక్కున్నట్టయింది" అన్నాడు.

ఎస్తేరమ్మ గారు పోయి చాలా ఏళ్లయింది. పెద్ద నర్సు కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. రోగి చేతిని ఊపుగానే సాగదీస్తాను. ముడి కదలలేదని చెబితే ఇంటివాళ్లు ముఖం చిన్నబుచ్చుకుంటారు. అయితే ఆ రోగి తన చేతులతో ఎవరికో ఇవ్వవలసింది ఏదో ఉండే ఉంటుందని, దానికింకా వేళ మించిపోలేదని గుర్తు చేసుకుని, ఆ రోజే చెప్పేస్తాను.