కాకిబంగారం ఏరిన కిష్టమ్మ

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. కొండాపూర్ అవతలి గుట్టల్లో కాకిబంగారం గని, అంటే అభ్రకం గని, నడుస్తోంది. పట్నం శేటు ఒకాయన తవ్విస్తున్నాడు. కిష్టమ్మ మొగుడు పోచయ్య లోపల రాయి కొడతాడు. పైకొచ్చిన రాళ్లలోంచి పనికొచ్చే పలకలను ఏరడం కిష్టమ్మ పని.

మొదట్లో గొయ్యి నడుములోతే. అరచేతి వెడల్పు పలకలు పొద్దెక్కేలోగా గంపెడు వచ్చేవి. ముప్పై గజాలు దిగాక లోపల ఊట పుట్టింది. నీళ్లు తోడడానికే రెండు జతల ఎద్దులు పొద్దంతా నడవాలి. గోడలు కూలకుండా ఆనించే దుంగలు ఎక్కడినుంచో బండ్ల మీద రావాలి. ఇంతా చేస్తే, ఇరవై గంపల రాయి ఏరినా ఒక గంప నిండేది కాదు. కిష్టమ్మ వేళ్ల చివర్లు పగిలిపోయి, కారం తగిలితే మండేవి.

నీళ్లు తోడే ఇంజన్ పెట్టించి గనిని ఇంకా లోతుకు దింపాలా, మూసెయ్యాలా అన్నది తేల్చడానికి శేటు వస్తున్నాడన్నారు. ఆ వారం తీసిన సరుకు కళ్లారా చూస్తాడట. ముందురోజు, నెల్లూరు నుంచి వచ్చిన మేస్త్రీ వెంకటనారాయణ కిష్టమ్మ పక్కన వచ్చి కూర్చున్నాడు.

“మొదట్లో తీసిన పాత కుప్పలో పెద్ద పలకలున్నాయి కదా. వాటిని ఈ వారం సరుకులో కలిపెయ్యి కిష్టమ్మా.”

“గదేంది సారూ?”

“లోతు గనులన్నీ ఇంతే. ముందు ఎన్నేళ్లయినా డబ్బు పోస్తూనే ఉండాలి. రాతిలో కాకిబంగారం పొర వెడల్పయ్యాక అంతా తిరిగొస్తుంది. అక్కడిదాకా దిగనివ్వాలి కదా.”

ఆ సాయంత్రం కిష్టమ్మ పోచయ్యను అడిగింది. “లోపట పొర వెడల్పయితుందా?”

“మొదాల జానెడుండె. ఇప్పుడు రెండు వేళ్ల మందం లేదు.” అతడు గోడకు చేరగిలబడ్డాడు. “దిగుమంటే దిగుత. వద్దంటే పోత. ఇగ నన్నడగకు.”

తొడల దాకా నీళ్లలో నానిన అతడి కాళ్లు తెల్లగా ఉబ్బిపోయి ఉన్నాయి. ఆమె వాటికి ఆముదం రాసింది.

తెల్లారి శేటు వచ్చి ఆ వారం సరుకు కుప్ప ముందు నిలబడ్డాడు. “వారంల గింతేనా?”

“గింతే, శేటు,” అంది కిష్టమ్మ. పాత కుప్పలోంచి ఒక్క పలక కూడా ఆమె కలపలేదు.

శేటు గోతిలోకి తొంగిచూశాడు, ఎద్దులను చూశాడు, దుంగలను చూశాడు. తర్వాత వెళ్లిపోయాడు. మూడోరోజున పని ఆపమని కబురొచ్చింది.

వెంకటనారాయణ ఆమెను కోప్పడలేదు. మూట కట్టుకుంటూ, “ఇంకో పది గజాలు దిగితే దొరికేదేమో కిష్టమ్మా” అన్నాడు.

“దొరుకుతుండెనేమో సారూ.” ఆ మాట ఆమె ఉత్తినే అనలేదు. దొరికేదో లేదో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

మోట తోలే రాజయ్య ఎద్దులకు పని పోయింది. అతడి పెండ్లాం బుచ్చమ్మ, “నీ నోట్లె మన్నువడ, కలిపితే నీ సొమ్మేం పోతుండె?” అని తిట్టి, మాటలు మానేసింది.

పోచయ్య, కిష్టమ్మ హఫీజ్‌పేట్ రైలు కట్ట దగ్గర కంకర కొట్టడానికి కుదిరారు. నాలుగు నెలలకు బుచ్చమ్మ కూడా సుత్తె పట్టుకుని అక్కడికే వచ్చింది. మొదటిరోజు దూరంగా కూర్చుంది. రెండోరోజు ఎండ ముదిరాక లేచి, కిష్టమ్మ కూర్చున్న నీడలోకి జరిగి, “జర నీళ్లియ్యి” అంది.

కిష్టమ్మ చెంబు అందించింది.